తాత పేరు పక్కన ‘షిక్మీదారు’ అని ఉంటే హక్కు లేనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: తాత పెట్టెలో పాత పహాణీ (ఏటా రాసే భూమి, సాగు రికార్డు) నకళ్లు, ఒక ఇక్రార్‌నామా దొరికాయి. పట్టాదారు గడిలో తాతగారి అన్న పేరుంది, తాత పేరు షిక్మీదారుగా ఉంది. ఊళ్లో పెద్దమనుషులేమో "షిక్మీ అంటే కౌలుకు చేసుకున్నోడు, మీకేం రాదు" అంటున్నారు.

ఆ మాట నమ్మి ఊరుకోకండి. మాది పరకాల దిక్కు. ఇదే పేచీ మా ఇంట్లోనూ నడిచింది, కాకపోతే మేం అవతలి పక్షం. పట్టా మా తాత పేరు మీద, షిక్మీ మా చిన్నతాత పేరు మీద ఉండేది. చిన్నతాత కొడుకులు భూమిలో తమ పాలు (వాటా) అడిగితే మా బాపు కూడా మీ ఊరి పెద్దమనుషులు చెప్పిన మాటే చెప్పిండు. హన్మకొండలో మా తరఫు వకీలే 1317 ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం, ఇంగ్లీషులో 1907-08) నాటి హైదరాబాద్ భూమిశిస్తు చట్టం తీసి, నిర్వచనాలున్న పేజీ మా ముందు పెట్టిండు.

ఆ చట్టంలో పట్టాదారు అంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టే బాధ్యత ఉన్నవాడు. షిక్మీదారు అంటే పట్టాదారులాగే భూమి మీద హక్కున్నవాడు, లేదా మొదటి నుంచీ అతనితో కలిసి కబ్జాలో, అంటే అనుభవంలో ఉన్నవాడు. కౌలుకు చేసేవాడికి అందులో వేరే పేరుంది, ఆసామీ షిక్మీ. నలుగురు అన్నదమ్ములుంటే పెద్దాయన పేరు మీద పట్టా రాసి, మిగతావాళ్లను షిక్మీలో చూపించడం నిజాం కాలంలో మామూలే. శిస్తు వసూలుకు ఒక్క పేరుంటే పట్వారీకి (ఊరి భూమి లెక్కలు రాసేవాడికి) సులువు. ఆ సులువు కోసం రాసిన రాత ఇప్పుడు మన కొంపల మీదికి వచ్చింది.

చిక్కల్లా పట్వారీలు చాలాచోట్ల ఉత్త ‘షిక్మీ’ అని రాసి వదిలేయడంతోనే. అప్పుడు విస్తీర్ణం చూడాలి. మా సర్వే నంబరు మొత్తం 4-36, అంటే 4 ఎకరాల 36 గుంటలు (ఎకరానికి 40 గుంటలు). చిన్నతాత పేరుకు ఎదురుగా 2-18 అని ఉంది. గుంట కూడా తేడా లేకుండా సగం. కౌలుదారుకు సరిగ్గా సగం కొలిచి ఎవరు రాస్తారు, అది అన్నదమ్ముల పంపకం లెక్క అన్నడు వకీలు. ఏ ఏడాదీ కౌలు ముట్టినట్టు రసీదు కూడా లేదు. మేం కోర్టు మెట్లెక్కకుండానే వాళ్ల పాలు వాళ్లకు రాసిచ్చినం. మీ నకళ్లలోనూ ముందు ఈ రెండే చూడండి.

తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్ల వారీగా రాసిన ఆ ఏటి పహాణీ) నకలు తీయండి. తెలంగాణలో భూమి పేచీ ఏదైనా దాదాపు అక్కడికే పోయి ఆగుతుంది. అందులో పట్టాదారు వేరు, కబ్జాదారు వేరు. ఇప్పుడు కబ్జా అంటే దౌర్జన్యం అనే అర్థమే అందరి నోట్లో నానుతోంది గానీ, ఆ రికార్డులో అది తప్పు మాట కాదు. భూమి ఎవరి చేతిలో ఉందో చెప్పే మాట, అంతే. 2020లో ధరణి (సర్కారు భూ రికార్డుల పోర్టల్) వచ్చినప్పుడు అనుభవదారు, అంటే కబ్జాదారు గడినే ఎత్తేశారు. నా ఉద్దేశంలో మీలాంటి కుటుంబాలకు దెబ్బ తగిలింది అక్కడే. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినా, మీ వాదన నిలబడాల్సింది పాత పహాణీల మీదే. ఒక్క ఏడాది నకలు చాలదు, దొరికినన్ని ఏళ్లవి వరుసగా తీయండి. మధ్యలో ఒక ఏడు పేరు మాయమైతే అవతలివాళ్లు పట్టుకునేది దాన్నే.

ఫస్లీ సంవత్సరాలు చూసి బెదరకండి. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1358 ఫస్లీ అంటే 1948-49. ఖుష్కి అంటే మెట్ట, తరి అంటే తడి భూమి. ఉర్దూలో గొలుసుకట్టు రాత ఉంటే చదివి పెట్టే పాతకాలపు పెద్దలు వరంగల్‌లో ఇంకా ఉన్నారు. మాకు ఒక రిటైర్డ్ టీచర్ చదివి పెట్టిండు, చాయ్ తప్ప ఏమీ తీసుకోలే.

ఇక ఇక్రార్‌నామా సంగతి. అది ఒప్పందం మాత్రమే, అమ్మకం కాదు. అమ్మితే రాసేది బైనామా. ఇప్పటి చట్టం ప్రకారం అమ్ముతానన్న ఒప్పందంతోనే భూమి మీద హక్కు రాదు, వంద రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకమైతే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామాలను క్రమబద్ధం చేయడానికి వేరే దారి ఉంది గానీ, దానికి గడువులు, షరతులు చాలా ఉన్నాయి. మీది అసలు ఏ కాగితమో తేలాకే ఆ మాట.

కాగితాల్లో ఇనాం, శిఖం, లావుణి పట్టా అనే మాటలు కనిపిస్తే మాత్రం లెక్క వేరు. ఇనాం (పాతకాలంలో సేవకో, మెప్పుకో దానంగా ఇచ్చిన) భూమికి 1955 ఇనాంల రద్దు చట్టం కింద ఓఆర్సీ (అనుభవ హక్కు సర్టిఫికెట్) ఉందా చూడాలి. శిఖం అంటే చెరువు మునక, మన దగ్గర చెరువులు ఎక్కువ కాబట్టి ఈ మాట తరచూ తగులుతుంది. లావుణి (సర్కారు భూమిని సాగుకు ఇచ్చిన పట్టా) అయితే ఎప్పుడు ఇచ్చారు, అమ్మకూడదన్న షరతు ఉందా అన్నది చూసుకోవాలి. ‘రక్షిత కౌలుదారు’ అని ఉంటే అది 1950 కౌలు చట్టం తెచ్చిన హక్కు. ఆయన్ని మామూలు కౌలుదారు కింద జమకట్టకూడదు, ఆ చట్టం కింద యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్ అడగండి.

ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి ఏళ్లు పోగొట్టుకోకండి. హక్కు ఎవరిదన్న పేచీ తేల్చేది సివిల్ కోర్టు. నకళ్లన్నీ సర్టిఫైడ్‌వి తీసుకుని, భూమి కేసులు చేసే వకీలుకు చూపించండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. వాటి ఫొటోలు ఇక్కడ పెట్టకండి, సర్వే నంబర్లు, పేర్లు అందరికీ కనిపిస్తాయి.