చేతికి ఎంతొస్తాదో ముందు అడుగు అల్లుడూ

అల్లుడూ,

బైపాస్ రోడ్డు సూపర్ మార్కెట్లో బిల్లింగ్‌కి తీసుకున్నారంట, 12,000 అన్నారంట, మీ అమ్మ ఫోన్లో ఒకటే సంబరం. మంచిదే రా. కానీ ఆ 12,000 చేతికొచ్చేదా, కాగితం మీద ఉండేదా, అడిగినావా? ఆ 12,000 మొత్తానికీ పీఎఫ్, అదే మన భవిష్య నిధి, పట్టుకుంటే 12 శాతం, అంటే 1,440, జబ్బు చేస్తే వైద్యానికని పట్టుకునే ఈఎస్ఐ 0.75 శాతం, అదొక 90, పోగా చేతికి 10,470. కొందరు ఓనర్లు ఇంకా తెలివైనోళ్లు, వాళ్లు కట్టాల్సిన వాటా కూడా కలిపేసి జీతం ఇంత అని చెప్తారు, అందుకే చేతికి ఎంత సార్ అని ఒక్క ముక్క అడుగు, సిగ్గుపడాకు.

కటింగ్ ఉందని బాధపడాకు, కట్ చేసి కట్టకపోతేనే బాధ. నేను చేసిన ఒక చోట 14 నెలలు జీతం స్లిప్పులో పీఎఫ్ అని రాసినారు, పీఎఫ్ పాస్‌బుక్‌లో చూస్తే 5 నెలలదే పడింది. స్లిప్పులు దాచుకున్నా కాబట్టి కంప్లైంట్ ఇచ్చి కట్టించినా, లేకుంటే గోవిందా. నువ్వు చేరిన నెలలోనే యూఏఎన్ నంబర్, అదే నీ పీఎఫ్ ఖాతా నంబర్, తీసుకొని ఫోన్లో చూసుకుంటా ఉండు. ఈఎస్ఐ కార్డులో మీ అమ్మ పేరు కూడా ఎక్కించు, ఆమె మోకాళ్లకి మన ఊరి ఈఎస్ఐ ఆసుపత్రి పనికొస్తాది.

ఇంక కౌంటర్. పొద్దున డ్రాయర్‌కి చిల్లర ఇస్తారే, ఎంత తొందరున్నా సంతకం పెట్టే ముందు నువ్వే లెక్కపెట్టు. ఒకసారి 10 రూపాయల కట్ట, పిన్ను కూడా ఊడలేదు కదా అని అట్నే తీసుకున్నా, లోపల 94 నోట్లే, ఆ రాత్రి 60 రూపాయలు నా జేబులోంచి పోయినాయి. కస్టమర్ ఇచ్చిన నోటు చిల్లర ఇచ్చేదాకా పైనే పెట్టు, లోపల వేసినావంటే 200 ఇచ్చినోడు కూడా 500 ఇచ్చినా అంటాడు. ఫోన్‌పే అంటే స్పీకర్ మోగాల, వాళ్లు చూపించే స్క్రీన్ నమ్మాకు. సరుకు తక్కువొస్తే అందరి జీతంలో కోస్తారా అనేది కూడా చేరకముందే తేల్చుకో.

బ్రహ్మోత్సవాలకి లీవు ఆశపెట్టుకోవాకు, ఇయ్యరు. వారానికి 48 గంటలు దాటితే ఆ పైన చేసిన గంటలకి ఓటీ డబుల్ ఇయ్యాల, ఇయ్యని కొట్లే ఎక్కువ అనుకో, అయినా వచ్చిన టైము పోయిన టైము చిన్న నోట్‌బుక్‌లో రాసిపెట్టు. చెప్పులతో పోవాకు, మెత్తటి బూట్లు కొనుక్కో, నా పిక్కల మీద నరాలు చూసినావు కదా వానపాముల మాదిరి.

సోమవారం లోపల ఆ ఆఫర్ లెటర్ ఫోటో తీసి వాట్సాప్ చెయ్, చూసి చెప్తా.

మీ మామ