పరగడుపున 120, సాయంత్రానికి 300!

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు), షుగర్ రెండూ ఉన్నాయి. ఆయాసం ముదిరినప్పుడల్లా డాక్టర్ ఐదు రోజులు స్టిరాయిడ్ మాత్రలు రాస్తారు. ఆ రోజుల్లో దాహం తీరదు, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తాను. పరగడుపు షుగర్ మాత్రం 120 దాటదు. ఎందుకిలా? బరువు తగ్గితే ఆయాసం తగ్గుతుందా?

జవాబు: మిమ్మల్ని మోసం చేస్తున్నది ఆ పరగడుపు రీడింగే. పొద్దున వేసుకున్న స్టిరాయిడ్ మాత్ర (ప్రెడ్నిసొలోన్) మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షుగర్‌ను ఎగదోస్తుంది. తెల్లవారేసరికి దాని ప్రభావం సన్నగిల్లుతుంది. అందుకే స్టిరాయిడ్ వాడే రోజుల్లో మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు ఒకసారి, రాత్రి భోజనానికి ముందు మరోసారి చూసుకోండి. రెండుసార్లూ 250 దాటితే అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. భయపడి స్టిరాయిడ్‌ను మీరే ఆపేయకండి, మార్చాల్సింది షుగర్ మందు. అందుకోసం ఇన్సులిన్ పెంచి ఉంటే, కోర్సు అయ్యాక మళ్లీ ఎంతకు తగ్గించాలో ముందే అడిగి రాసుకోండి. చాలామంది ఇక్కడే మర్చిపోయి లో షుగర్‌లో పడతారు. పీల్చే స్టిరాయిడ్ సంగతి వేరు, మామూలు డోసులో షుగర్‌పై దాని ప్రభావం తక్కువ. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు. షుగర్ ఉన్నవారికి నోట్లో తెల్లపూత త్వరగా వస్తుంది మరి.

ఇక బరువు. మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే లెక్క) 33 దాటింది. పొట్టలోని కొవ్వు డయాఫ్రంను (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరాన్ని) పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగా విచ్చుకోదు. వంగి చెప్పులు తొడుక్కుంటుంటే ఊపిరాడకపోవడం చాలావరకు దీనివల్లే. ఇది శ్వాసనాళాలు బిగుసుకుని వచ్చే ఆయాసం కాదు కాబట్టి ఇన్‌హేలర్‌కు లొంగదు. లొంగలేదని సాల్బుటమాల్ (శ్వాసనాళాలను విప్పే ఇన్‌హేలర్ మందు) పఫ్‌లు పెంచితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. అచ్చం లో షుగర్‌లాగే! అప్పుడు ఊహ మీద తీపి తినకుండా గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటేనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

బరువు తగ్గితే మేలే, పస్తులతో మాత్రం వద్దు. సీఓపీడీలో కండ కరగడం కొవ్వు పెరగడం కంటే ప్రమాదం, పైగా మాటిమాటికీ వాడే స్టిరాయిడ్లు తొడ కండరాలను తినేస్తాయి. వారానికి అరకిలో తగ్గితే చాలు. కిడ్నీలు బాగుంటే ప్రొటీన్ తగ్గించకండి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో నెలకోసారి రాసుకోండి. బరువు తగ్గుతూ సెకన్లు పెరుగుతుంటే, మీరు పోగొట్టుకుంటున్నది కండ అని అనుమానించాలి.

మీరు రాయలేదు గానీ, గురక, పొద్దున లేవగానే తలనొప్పి, పగలు తూగు ఉన్నాయా? ఉంటే స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను గమనించే పరీక్ష), రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పరీక్ష అడగండి. ఇంట్లో ఆక్సిజన్ వాడుతుంటే మీ అంతట మీరు ఫ్లో పెంచకండి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే వారికి పల్స్ ఆక్సిమీటర్ (వేలికి పెట్టి చూసే పరికరం)లో ఆక్సిజన్ 88–92 శాతమే లక్ష్యం.