పుష్కరాలయ్యాక ఇల్లు సంగతి చూద్దాం

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, మా ఆవిడకు 61. తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. ఉండేది రాజమండ్రిలో. పింఛను నెలకు 48,000, ఇంటి ఖర్చు 38,000. 2023 మే నెలలో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు వేశాను. బ్యాంకు డిపాజిట్లు 22 లక్షలు. ఈ కార్తీకంలో కాశీ వెళ్లి తొమ్మిది రాత్రులు చేయాలని మొక్కు. జనవరిలో డల్లాస్‌లో అమ్మాయి పురుడు, డిసెంబరులో వెళ్లి ఐదు నెలలు ఉంటాం. అబ్బాయి హైదరాబాదులో పెద్ద ఫ్లాటు చూశాడు. ఇక్కడి ఇల్లు అమ్మి అందులో పెడితే అందరం కలిసి ఉండొచ్చని, అడ్వాన్సుకు పోస్టాఫీసు డబ్బు తీయమని అంటున్నాడు. 1998లో కట్టిన ఇల్లు, నా పేరునే ఉంది, ఇప్పుడు 90 లక్షలు పలుకుతోంది. అన్నీ ఈ ఏడాదిలోనే తెమల్చుకుందామని మా ఆలోచన. (కింద వేరే చేతిరాతతో: నాకు గోదారి వదిలి రావాలని లేదండీ. అబ్బాయి మనసు నొప్పించలేక ఊరుకున్నాను.)

జవాబు: ముందు ఆ చివరి రెండు వాక్యాల దగ్గరే ఆగాలి. డబ్బు లెక్కల్లో కూడా మొదట చూడాల్సింది అమ్మగారినే. మీ తర్వాత ఆమెకు వచ్చే కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. మీకు వస్తున్నది 50 శాతం. అంటే కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) సంగతి పక్కన పెడితే, 48,000 కాస్తా దాదాపు 28,800 అవుతుంది. మొదట్లో కొన్నేళ్లపాటు పూర్తి పింఛను ఇచ్చే నిబంధన ఉంది గానీ, అది మీకు 67 ఏళ్లు నిండే వరకే. కాబట్టి బ్యాంకు డిపాజిట్లు కాక ఆ రోజున ఆమెకు మిగిలే ఆధారాలు మూడు: ఆ పింఛను, పోస్టాఫీసు వడ్డీ, సొంత ఇల్లు. మీ అబ్బాయి చెబుతున్న పద్ధతిలో వీటిలో రెండు ఒకేసారి అతని ఫ్లాటులోకి వెళ్లిపోతాయి. అతని మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. అయినా ఈ పద్ధతికి నేను ఒప్పుకోను.

పోస్టాఫీసు డబ్బు కదపకండి. మీరు వేసినప్పటి వడ్డీ 8.2 శాతం, అయిదేళ్లూ అదే. మూడు నెలలకోసారి 61,500 వస్తోంది, అంటే నెలకు 20,500. ఇప్పుడు మూస్తే అసలులో ఒక శాతం, 30,000 కోత పడుతుంది. ఆ నష్టం ఒక్కసారితో పోతుంది. నెలనెలా వచ్చే 20,500 ఆగిపోవడమే అసలు దెబ్బ. 2028 మేలో గడువు తీరాక ఇంకో మూడేళ్లు పొడిగించుకోవచ్చు. అమ్మగారి పేరు జాయింటుగానో, నామినీగానో ఉందో లేదో మాత్రం పాస్‌బుక్కులో ఈ వారమే చూడండి. జాయింటు హోల్డరైనా, ఒక్కరే నామినీ అయినా, మీ తర్వాత ఆ ఖాతాను ఆమె గడువు దాకా నడుపుకోవచ్చు.

ప్రయాణాలకు భయపడాల్సిన పని లేదు. పింఛను, వడ్డీ కలిపి 68,500. ఖర్చు పోను నెలకు 30,500, ఏడాదికి 3.66 లక్షలు మిగులుతాయి. కాశీకి 80,000, టికెట్లు, ఇన్సూరెన్సుతో సహా అమెరికాకు 4.5 లక్షలు, పురుడు, బారసాల, బిడ్డకు బంగారం ఒకటిన్నర లక్ష వేసుకుందాం. మొత్తం 6.8 లక్షలు. మిగులు పోను డిపాజిట్ల నుంచి తీయాల్సింది మూడు లక్షల చిల్లర. ఆనందంగా వెళ్లి రండి. తీసేటప్పుడు పెద్ద డిపాజిట్టు పగలగొట్టకుండా, గడువు దగ్గర పడినది చూసి తీయండి. 22 లక్షలూ ఒకే బ్యాంకులో ఉంటే మాత్రం మార్చండి. ఒక బ్యాంకులో ఒక మనిషికి బీమా ఉన్నది వడ్డీతో కలిపి 5 లక్షలకే.

అమెరికా విషయంలో ఒక్కచోట పిసినారితనం వద్దు. అక్కడ చూడటానికి వెళ్లినవాళ్లకు ప్రభుత్వ వైద్యబీమా వర్తించదు. ఒక్క రాత్రి ఎమర్జెన్సీలో ఉంటే బిల్లు వేల డాలర్లలో వస్తుంది. విజిటర్ ఇన్సూరెన్సులో చౌకగా దొరికేవి చాలావరకు ఒక్కో చికిత్సకు ఇంతేనని ముందే గిరి గీసినవి. మొత్తం బిల్లులో ఎక్కువ భాగం భరించే పాలసీయే తీసుకోండి. బీపీ, షుగరు లాంటి పాత జబ్బులు హఠాత్తుగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో ఆ కాగితంలో అమ్మాయి చేత చదివించండి. మీ లైఫ్ సర్టిఫికెట్టు నవంబరులో ఇవ్వాలి కదా, కాశీ రైలెక్కే ముందే ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పూర్తి చేయండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ముకు రోమింగు పెట్టించుకోవడం మరిచిపోవద్దు. అది మరిచిపోయి, డల్లాస్‌లో కూర్చుని సొంత డబ్బు తీసుకోలేక అల్లాడినవాళ్లు నాకు తెలుసు.

ఇక ఇల్లు. మేలో తిరిగొస్తారు. 2027 వేసవి దాటగానే గోదావరి పుష్కరాలు. మీ చుట్టాలంతా దిగేది మీ ఇంట్లోనే. పన్నెండేళ్లకోసారి వచ్చే ఆ పండుగ మీ గడపలోనే జరగనివ్వండి. అయ్యాక, ఇల్లు అమ్మకుండానే, హైదరాబాదులో అబ్బాయి ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో 25,000కి అద్దె ఇల్లు తీసుకుని ఒక ఏడాది ఉండి చూడండి. నెలకు మిగిలే 30,500లోనే అద్దె వెళ్లిపోతుంది. కోడలితో, మనవలతో, లిఫ్టుతో, పొద్దున వాకింగుకు స్నేహితులు లేని ఊరితో పొసగుతుందో లేదో మీ ఇద్దరికీ ఆ ఏడాదిలో తెలిసిపోతుంది. పొసగకపోతే తాళం తీసుకుని గోదారి ఒడ్డుకు తిరిగి వచ్చేయవచ్చు. అమ్మేసిన ఇంటికి మళ్లీ రాలేరు. అమ్మగారి మాటకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే.

హైదరాబాదుకు మారితే వైద్యం సంగతి కూడా ఒకటి చూసుకోవాలి. మీరిప్పుడు నెలకు 1,000 వైద్య భత్యం తీసుకుంటూ ఉంటే, దాని బదులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పింఛనుదారుల వైద్య పథకమైన సీజీహెచ్‌ఎస్ కార్డు కోరుకోవచ్చు. పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితాంతం చెల్లుతుంది. మీది వేతన శ్రేణిలో లెవెల్ 6 అయితే నెలకు 450 లెక్కన 54,000. అయితే ఆ ఆప్షను మార్చుకునే వీలు ఒక్కసారే, అందుకే అక్కడ స్థిరపడతామని తేలాకే చేయండి.

అప్పటికి అమ్మాలనే నిశ్చయిస్తే, పన్ను లెక్క ఇప్పటి నిబంధనల ప్రకారం ఇలా ఉంటుంది. 2001కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి, మీరు పెట్టిన ఖర్చుకు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. అది 8 లక్షలనుకుందాం. 90 నుంచి 8 పోతే లాభం 82 లక్షలు, 12.5 శాతం పన్ను 10.25 లక్షలు. పాత పద్ధతిలో ధరల సూచీతో పెంచి 20 శాతం కట్టే అవకాశం కూడా మీకుంది. 2025-26 సూచీ 376తో చూస్తే 8 లక్షలు 30.08 లక్షలు అవుతుంది, పన్ను దాదాపు 12 లక్షలు. అంటే కొత్త పద్ధతే నయం. అదే 2001 విలువ 12 లక్షలని తేలితే లెక్క తిరగబడుతుంది: కొత్త పద్ధతిలో 9.75 లక్షలు, పాత పద్ధతిలో 9 లక్షల లోపు. సెస్సు అదనం. ఆ విలువ అప్పటి రిజిస్ట్రేషను విలువను మించకూడదు. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 నాటి మార్కెట్ విలువ పత్రం తీయించి పెట్టుకోండి.

అమ్మిన రెండేళ్లలో ఇంకో ఇల్లు కొంటే, పెట్టిన మేరకు లాభంపై పన్ను ఉండదు. పెట్టాల్సింది లాభాన్నే, మొత్తం 90నీ కాదు. 60 లక్షల చిన్న ఫ్లాటు కొంటే లాభంలో మిగిలే 22 లక్షలను ఆరు నెలల్లోపు పన్ను మినహాయింపు బాండ్లలో పెట్టవచ్చు, అయిదేళ్లు కదలవు. పెట్టకపోతే 2.75 లక్షల పన్ను. దానికి తోడు చాలామంది చూడని మెలిక ఒకటుంది. ఆ 22 లక్షలు కలవగానే మీ ఆదాయం పన్ను పడని 12 లక్షల పరిమితిని దాటుతుంది. అప్పుడు ఇన్నాళ్లూ పన్ను పడని పింఛను, వడ్డీల మీద కూడా సుమారు 30,000 కట్టాల్సి వస్తుంది. అమ్మకం మార్చిలో కాకుండా ఏప్రిల్‌లో రిజిస్ట్రేషను చేస్తే, కొత్త ఇల్లు దొరక్కపోయినా డబ్బును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో (ఇల్లు కొనేదాకా లాభాన్ని పన్ను పడకుండా ఉంచే బ్యాంకు ఖాతా) వేయడానికి నాలుగు నెలల బదులు పదిహేను నెలల గడువు చేతిలో ఉంటుంది.

కొనే ఫ్లాటు మీ ఇద్దరి పేర్లమీదే ఉండాలి. అబ్బాయి పేరున కొంటే పన్ను మినహాయింపు దగ్గరే తగవు మొదలవుతుంది. అతనికి సాయం చేయాలనుంటే డిపాజిట్లలోంచి నాలుగైదు లక్షలు ఇవ్వండి, ఇచ్చేటప్పుడే అప్పో, కానుకో చెప్పి ఇవ్వండి, అమ్మాయికీ తెలిసేలా ఇవ్వండి. ఎప్పటికైనా ఇల్లే రాసివ్వాలనుకుంటే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు గిఫ్టు దస్తావేజులో ఉండాలి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం కింద దాన్ని రద్దు చేయమని కోరవచ్చు. షరతు లేని దస్తావేజుతో ఆ రక్షణ దొరకడం కష్టం.

డిసెంబరులో విమానం ఎక్కే ముందు వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి. దానికి స్టాంపు డ్యూటీ లేదు. ఇల్లు ముందు అమ్మగారికి, ఆమె తర్వాత పిల్లలిద్దరికీ వచ్చేలా రాయించి, ఒక నకలు అమ్మాయి దగ్గర, ఒకటి అబ్బాయి దగ్గర ఉంచండి.