డ్యాంలో 200 టీఎంసీలు ఉన్నాయంటున్నారు, చివరి ఆయకట్టులో వరి వేయొచ్చా?

"సాగర్ కుడి కాలువ చివర మాకు నాలుగెకరాలుంది. డ్యాంలో 200 టీఎంసీలున్నాయని పేపర్లో వేశారు. నాన్న వరి వేస్తానంటున్నాడు, ఇంజనీర్లేమో ఆరుతడి (తక్కువ నీళ్లతో పండే) పంటలు వేసుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?" అని అడిగారు. మాదీ దర్శి వైపే, చివరి తూముల కింద పొలం. నన్నడిగితే ఈసారికి ఇంజనీర్ల మాటే వినండి. ఎందుకో చెబుతా.

ముందు ఆ 200 సంగతి చూద్దాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. ఆ 510 కిందే దాదాపు 131 టీఎంసీలు ఉండిపోతాయి. తాగునీటికి మరీ కటకటగా ఉంటే తప్ప వాటి జోలికి పోరు. అంటే చేతికొచ్చేది 70కి లోపే. అందులోంచే హైదరాబాద్ తాగునీరు పోవాలి, ఎడమ కాలువ కింద నల్లగొండ, ఖమ్మం, పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం వాటా పోవాలి, మన ఊళ్ల మంచినీటి చెరువులు నిండాలి. కృష్ణాలో రెండు రాష్ట్రాలకూ కలిపి ఉన్న 811 టీఎంసీల్లో ఆంధ్రాకు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా ఒప్పుకున్న అంకెలు టీవీలో తరచూ వినిపిస్తుంటాయి. నదిలో సరిపడా నీళ్లొచ్చిన ఏడాదికే అవి. వరద రాని ఏడాది పంచుకోవడానికి ఉండేది కొరతే.

కుడి కాలువ నిండా పారితే 11 వేల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు), రోజుకు ఒక టీఎంసీకి కాస్త తక్కువ. మనకు 20 టీఎంసీలు ఇచ్చారనుకోండి, కాలువ నిండుగా పారేది మూడు వారాలు. దీని కింద ఆయకట్టు 11 లక్షల ఎకరాల పైమాటే. మీ నాన్నగారు వేద్దామనుకునేది బీపీటీ 5204 (సాంబ మసూరి) అయితే అది దాదాపు 150 రోజుల పంట. మొదట్లో నీళ్లు బాగానే వస్తాయి, నాట్లు పచ్చగా కనిపిస్తాయి, అసలు చిక్కు పొట్ట దశలో, అంటే కంకి బయటికి రాబోయే ముందు. అప్పుడు వారం తడి తప్పితే కోతకు తాలే మిగులుతుంది. పెట్టుబడంతా పెట్టేశాక వచ్చే దెబ్బ అది.

2023 గుర్తుందిగా. ఆ ఆగస్టు దేశం మొత్తమ్మీద 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడిగా పోయింది. నవంబరు 30న, తెలంగాణలో ఓట్లు పడుతున్న రోజే, డ్యాం మీది 26 గేట్లలో 13 గేట్ల దాకా ఆంధ్రా పోలీసులు స్వాధీనం చేసుకున్నారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. తర్వాత డ్యాం కాపలా సీఆర్‌పీఎఫ్ చేతికి పోయింది. టీవీ చూసి మా బజారులో ఇక పంటకు ఢోకా లేదన్నవాళ్లు ఉన్నారు. ఆ నీళ్లు వదిలింది తాగడానికి.

ఇక డ్యాం దగ్గర వదిలింది మన దాకా రావడం వేరే కథ. పేపర్లో టీఎంసీలు కాదు, 85/3 మైలు దగ్గర ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో చూడండి. పాత గుంటూరు జిల్లా దాటి మన ప్రకాశంలోకి కాలువ వచ్చేది అక్కడే. దానికి ఎగువన దారి పొడుగునా నీళ్లు లాగేసే ఆయిల్ ఇంజన్లు, కట్ట కింద పైపులు. వారబందీ (వంతుల వారీగా నీళ్లివ్వడం) పెట్టి మనకో వంతు ఇచ్చినా మొదటి రోజులు ఎండిపోయిన కాలువ తడవడానికే సరిపోతాయి. అందుకే వంతు వచ్చినప్పుడల్లా మా మైనర్ (చిన్న పిల్లకాలువ) రైతులం తలా కొంత వేసుకుని, ట్రాక్టర్ మీద ఎగువకు పోయి రాత్రంతా షట్టర్ల దగ్గర కాపలా ఉంటాం. కాలువ చూసుకునే లస్కర్లను అని లాభం లేదు, ఒక్కొక్కరి నెత్తిన మైళ్ల కొద్దీ కాలువ. ఒకసారి షట్టర్ దించబోతుంటే ఎగువ ఊరాయన వచ్చి, "చేను పొట్ట మీదుంది బాబాయ్, ఈ ఒక్క రాత్రికి వదిలెయ్యి" అన్నాడు. తిడితే పోట్లాడేవాణ్ణే, బతిమాలితే ఏం చేయను? సగానికి దించి తెల్లారేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. దొంగ అనడానికి నోరు రాలేదు, ఆయన అప్పూ నా అప్పులాంటిదే.

మీది నల్లరేగడి అయితే శనగ వేయండి. అక్టోబరు, నవంబరులో పదును దొరికితే చాలు, జేజీ-11 రకం వంద రోజుల లోపు చేతికొస్తుంది. మధ్యలో ఒక తడి ఇవ్వగలిగితే మరీ మంచిది. అయితే పక్క పొలాల్లో వరి వేస్తున్నారేమో ముందే కనుక్కోండి. ఊట దిగితే శనగ వేరు కుళ్లిపోతుంది. గట్టు వెంబడి లోతుగా బోదె తీయాల్సి ఉంటుంది, దానికి పక్కాయనతో ఇప్పుడే మాట్లాడుకోవడం మేలు.

ధర సంగతి మాత్రం నన్నడగొద్దు. కొనేవాడు లేక శనగలు ఏళ్ల తరబడి కోల్డ్ స్టోరేజీల్లో మగ్గడం మన జిల్లాలో చూశాం. ఆరుతడి వేసుకోండి అని మైకులో చెప్పేవాళ్లు ఆ పంట ఎవరు కొంటారో మాత్రం చెప్పరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. కౌలు రైతుకు ఇంకా కష్టం. కౌలు ముందే కట్టి ఉంటాడు, అది మాగాణి లెక్కన కట్టిన కౌలు, శనగ వేస్తే గిట్టదు. అందుకే చివరి భూముల్లో కూడా తెగించి వరి వేసేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువగా కనిపిస్తారు. సొంత పొలం కాబట్టి మీకు ఆ ఒత్తిడి లేదు.

నాన్నగారు బొత్తిగా వినకపోతే, బోరు ఉంటే ఒక ఎకరం వరకు వరి వేయనివ్వండి, తిండి గింజలకు సరిపోతుంది. బోరు లేకపోతే అదీ వద్దు. మీది ఏ మేజర్ (పెద్ద పిల్లకాలువ) కిందో, నేల నల్లదో ఎర్రదో రాయండి. ఎర్ర నేలైతే శనగ కాదు, కంది గురించి మాట్లాడుకోవాలి.