సూత్రం సరైనదే, మరి జవాబెందుకు తప్పింది?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. భౌతిక, రసాయన శాస్త్రాల సూత్రాలన్నీ తడుముకోకుండా చెబుతుంది, కానీ ఇంటిపనిలో లెక్కలు తప్పుతున్నాయి. గంటకు 72 కి.మీ. వేగంతో వెళ్తున్న 1000 కిలోల కారు బ్రేకు వేశాక 5 సెకన్లలో ఆగితే దానిపై పనిచేసిన బలమెంత అంటే 14,400 న్యూటన్లని రాసింది. 4 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా మండితే ఎంత నీరు వస్తుందంటే 4 గ్రాములని రాసింది. లోపం ఎక్కడుంది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మొదటి లెక్కలో మీ అమ్మాయి ఎంచుకున్న సూత్రం సరైనదే. వేగంలో మార్పును కాలంతో భాగిస్తే త్వరణం, దాన్ని ద్రవ్యరాశితో గుణిస్తే బలం వస్తాయి. అయితే 1 కిలోగ్రాము ద్రవ్యరాశికి 1 మీ./సె.² త్వరణం కలిగించే బలాన్నే న్యూటన్ అంటాం కనుక, కిలోమీటర్లనూ గంటలనూ అలాగే ఉంచి గుణిస్తే వచ్చేది న్యూటన్లు కావు. 72 కిలోమీటర్లంటే 72,000 మీటర్లు, గంటంటే 3,600 సెకన్లు. అంటే వేగం సెకనుకు 20 మీటర్లు. 5 సెకన్లలో అది సున్నా అయింది కాబట్టి త్వరణం పరిమాణం 4 మీ./సె.², బలం 4,000 న్యూటన్లు. ఆ బలం కదలికకు ఎదురు దిశలో ఉంటుంది గనుక ఋణ గుర్తు పెట్టాలి.

ప్రతి అంకె పక్కన ప్రమాణాన్ని రాయడం చాదస్తం కాదు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో అంగారకుణ్ని చేరుతూ నాశనమవడానికి కారణం, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను మరొకటి న్యూటన్ల లెక్కగా తీసుకోవడమే. పైగా, వచ్చిన జవాబు నమ్మదగినదేనా అని కూడా చూసుకోవాలి. 14,400 న్యూటన్లంటే త్వరణం 14.4 మీ./సె.² అవుతుంది, గురుత్వ త్వరణమే 9.8 కాగా, మామూలు కారు టైర్లకు రోడ్డు మీద అంత పట్టు దొరకదు.

రెండో లెక్కలో పొరపాటు వేరు. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిసి రెండు నీటి అణువులవుతాయని తుల్య సమీకరణం చెబుతుంది. ఆ 2, 1, 2 అనేవి అణువుల సంఖ్యల నిష్పత్తి, అంటే మోల్‌ల నిష్పత్తి (డజనులాగా, అణువులను గుంపుగా లెక్కించే ప్రమాణమే మోల్). మీ అమ్మాయి దాన్ని గ్రాములకు వర్తింపజేసింది. హైడ్రోజన్ మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ద్రవ్యరాశి, 2 గ్రాములు కాబట్టి 4 గ్రాములంటే 2 మోల్‌లు. వాటి నుంచి 2 మోల్‌ల నీరు వస్తుంది. ఒక్కో మోల్ 18 గ్రాముల చొప్పున అది 36 గ్రాములు. సరిచూడాలంటే, ఖర్చయిన ఆక్సిజన్ 1 మోల్, అంటే 32 గ్రాములు. దానికి 4 కలిపితే 36 సరిపోతుంది. 4 గ్రాముల నీరే వచ్చిందంటే ఆక్సిజన్‌కు బరువే లేదన్నట్టవుతుంది. కాబట్టి సమీకరణంలోని నిష్పత్తిని వాడే ప్రతి లెక్కలోనూ గ్రాములను ముందు మోల్‌లుగా మార్చి, నిష్పత్తి వేసి, ఆ తర్వాతే తిరిగి గ్రాముల్లోకి తెమ్మని చెప్పండి.