హాగ్వార్ట్స్‌కి మన దగ్గర గుర్తింపు ఇస్తారా?

హ్యారీ పాటర్ నవలల్లో హ్యారీ చదివిన మంత్రాల స్కూలు హాగ్వార్ట్స్‌ని మన విద్యాహక్కు చట్టంతో కొలిస్తే పాసవుతుందా అని అడిగారు. నేను కోనసీమలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను, మా దగ్గరికి గోదావరి మధ్యనుండే లంక గ్రామాల పిల్లలు వస్తారు. మా అమ్మాయి పుణ్యమా అని ఏడు నవలలూ చదివాను. నన్నడిగితే చదువు విషయంలో గట్టెక్కుతుంది, పిల్లల బాధ్యత దగ్గర తప్పుతుంది.

అందరూ దయ్యం మాస్టారి గురించి, మూడు తలల కుక్క గురించి మాట్లాడతారు. నాకు మొదట కంటపడింది పడవలు. కొత్తగా చేరిన పదకొండేళ్ల పిల్లల్ని రాత్రిపూట పడవకి నలుగురు మించకుండా ఎక్కించి సరస్సు దాటిస్తారు. పెద్దవాడు హాగ్రిడ్ ఒక్కడే, ఆయనకి వేరే పడవ. నాలుగో నవలలో గాలివాన వచ్చినా ఆపలేదు. డెన్నిస్ అనే బుడ్డోడు నీళ్లలో పడితే పైకి తోసి పడవలో వేసింది సరస్సులో ఉండే పెద్ద స్క్విడ్!

మా దగ్గర ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఇక పాఠాలు సాగవు. కాజ్‌వే మునిగేలోపు లంక పిల్లల్ని మధ్యాహ్నమే పంపేస్తాం. రేవులో ఒక మాస్టారు నిలబడి లైఫ్ జాకెట్ల బకిల్స్ స్వయంగా పెట్టాలి, ఎందుకంటే తొమ్మిది, పది చదివే మగపిల్లలు సిగ్గుపడి వాటిని చంకలో పెట్టుకుంటారు. అవతలి ఒడ్డు నుంచి ఫోన్ వచ్చేదాకా హెడ్మాస్టర్ గారు కుర్చీలోంచి లేవరు.

ఇంకో చిత్రం చూడండి. మూడో ఏడాది పిల్లలు పక్క ఊరు హాగ్స్‌మీడ్‌కి సరదాగా వెళ్లాలంటే ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. అది లేకే హ్యారీని ఆపేశారు. మొదటి ఏడాదిలో అదే హ్యారీని శిక్ష పేరుతో అర్ధరాత్రి అడవిలోకి పంపినప్పుడు మాత్రం ఎవరినీ అడగలేదు.

అసలు తల్లిదండ్రులు అడగడానికి వచ్చే దారేదీ? మన చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. అక్కడ పన్నెండుమంది గవర్నర్లు ఉంటారు, మిగతావాళ్లని బెదిరించి హెడ్మాస్టర్‌ని పక్కన పెట్టించింది వాళ్లలో ఒకడైన లూసియస్ మాల్ఫాయ్. మంత్రాలు రాని తల్లిదండ్రులకైతే ఆ కోట పాడుబడిన శిథిలంలా కనిపిస్తుంది. రెండో నవలలో హ్యారీ స్నేహితురాలు హెర్మయనీ వారాల తరబడి రాయిలా బిగుసుకుపోయి ఉంటే, పళ్ల డాక్టర్లైన అమ్మానాన్నలు వచ్చి చూసినట్టు ఎక్కడా లేదు. మా స్కూల్లో ప్రేయర్‌లో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిందంటే పావుగంటలో అమ్మ, అమ్మమ్మ, వార్డు మెంబరు ముగ్గురూ వచ్చి హెడ్మాస్టర్ గదిలో కూర్చుంటారు. మాకు విసుగే అండి, కాదనను. కానీ ఆ విసుగే పిల్లకి రక్షణ.

పరీక్షలు మాత్రం బాగా పెడతారు. ఐదో ఏడాది ఔల్స్ అనే పెద్ద పరీక్షలకి బయటి పరీక్షకులు వస్తారు, పొద్దున రాత పరీక్ష, మధ్యాహ్నం ప్రాక్టికల్. పిల్లాడికో కళాయి, ఎవరి ప్రయోగం వాళ్లదే. మన పదో తరగతి సైన్స్‌లో రాత పరీక్ష ఒక్కటే, కాబట్టి చాలాచోట్ల ల్యాబ్ బీరువా తాళం తుప్పు పట్టినా అడిగేవాళ్లుండరు. ఈ ఒక్క విషయంలో నాకు కుళ్లు.

చట్టంలో సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది. 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకి వర్తించే చట్టం కాబట్టి హ్యారీ క్లాస్‌మేట్, పదమూడేళ్ల నెవిల్ దీని కిందికే వస్తాడు. వాడికి లోకంలో అన్నిటికంటే భయం ఎవరంటే పాఠం చెప్పే స్నేప్! ఆ ఒక్క సంగతి చాలు, మన దగ్గరైతే విచారణ వేయడానికి.

తనిఖీలు లేవా అంటే, ఐదో నవలలో మంత్రాల మంత్రిత్వ శాఖ అంబ్రిడ్జ్ అనే ఆవిడని పంపింది. జోస్యం నేర్పే ట్రెలానీ టీచర్ పాఠం గురించి ఆవిడ అడిగిన ప్రశ్నలు నిజానికి ఏ మండల విద్యాధికారి (ఎంఈవో) అయినా అడిగేవే. కానీ ఆవిడే హ్యారీ చేత సొంత రక్తంతో ఇంపోజిషన్ రాయించింది. అప్పటికి వాడికి పదిహేనేళ్లు, విద్యాహక్కు చట్టం వయసు దాటాడు. అయినా పద్దెనిమిది లోపు పిల్లలెవరైనా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, మా వరండా గోడ మీద పెద్ద అంకెల్లో రాయించాం. హాగ్వార్ట్స్‌లో ఫోన్లు పనిచేయవు. ఉత్తరం రాద్దామన్నా వాటిని మోసుకెళ్లే గుడ్లగూబల మీద ఆవిడదే నిఘా.