బట్టలు, మందులు విదేశాల నుంచి తుఫాను బాధితులకి పంపొచ్చా? డబ్బు పంపడం మేలా?

డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య వాళ్ళు బట్టలూ మందులూ పోగుచేసి ఇక్కడి తుఫాను బాధితులకి పార్శిల్ వేస్తామంటున్నారు, సరేననాలా అని అడిగారు. వద్దనండి, డబ్బే పంపమనండి. అలాంటి మూటలు విప్పిన అనుభవం నాకుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నేను చెన్నైలోనే ఉద్యోగం చేస్తున్నా. జనవరిలో రాయపురం దగ్గర ఒక కల్యాణ మండపంలో సామాన్లు ఏరే పనికి వారం రోజులు వెళ్ళాను. గోతాల్లోంచి ఏమేం బయటపడ్డాయో చెప్తే నమ్మరు. ఉన్ని స్వెటర్లు, మెడకి కట్టుకునే టైలు, జత లేని ఎడమకాలి బూటు. ఒక పట్టుచీర మడతలో అక్షింతలు కూడా ఉన్నాయి! మామూలు చీరలైతే గుట్టలు గుట్టలు. లంగాలూ జాకెట్లూ మాత్రం ఒక్కటీ లేవు.

నేను తెలుగు మాట్లాడ్డం విని కాశిమేడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పక్కకి పిలిచింది. "చీరలు చాల్నాయనా, లోపల లంగా లేకుండా చీర ఎట్లా కట్టేది?" అంది, గొంతు బాగా తగ్గించి. కొడుకు వయసువాణ్ణి ఆ మాట అడగడానికి ఆవిడ ఎంత మొహమాటపడిందో. మర్నాడు నలుగురం తలా కొంత వేసుకుని వాషర్‌మన్‌పేట ఎం.సి. రోడ్డులో రెండు మూటల లంగాలు టోకున కొన్నాం. గంటలో అయిపోయాయి. స్వెటర్ల మూటలు మాత్రం నేను వచ్చేసే రోజుకీ అక్కడే ఉన్నాయి.

మందుల సంగతి ఇంకా ఘోరం. ఆ సునామీకే ఇండోనేషియాలోని ఆచేకి 4 వేల టన్నుల మందులు వచ్చిపడ్డాయి. చాలావాటి మీద రాసింది అక్కడివాళ్ళు చదవలేని భాష. కాలం చెల్లినవాటిని పారబొయ్యడం మళ్ళీ ఇంకో ఖర్చు. దానంగా వచ్చే మందుకి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊరికే అనలేదు.

డబ్బు ఇచ్చినవాళ్ళు తప్పు చెయ్యరని కాదు. తమిళనాడు తీరంలో దాతలు పోటీలు పడి ఫైబరు పడవలు పంచారు. సునామీకి ముందున్న వాటికన్నా ఎక్కువ పడవలు తేలాయి. చేపలు మాత్రం పెరగలేదు కదా! చేపలు ఎండబెట్టి గంపలో అమ్ముకునే ఆడవాళ్ళకి మాత్రం అంత ఉదారంగా ఎవరూ ఇవ్వలేదు. పడవకైతే దాత పేరు రాయొచ్చు, గంపకి ఎక్కడ రాస్తారు?

ఇక పంపే దారి. విదేశీ ప్రభుత్వాల సాయాన్ని 2004లో మన కేంద్రం వద్దంది, పైగా శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేషియాలకి మన ఓడలే వెళ్ళాయి. పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల దగ్గర అప్పు తీసుకోవడం తర్వాతి మాట. 2018 కేరళ వరదలప్పుడూ అదే పట్టు. కాబట్టి మనదగ్గర బయటి సాయం ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల ద్వారానే నడుస్తుంది.

మీ అన్నయ్యది ఏ పాస్‌పోర్టో ముందు కనుక్కోండి. భారత పాస్‌పోర్టే అయితే తన సంపాదనలోంచి మామూలుగా బ్యాంకు ద్వారా ఇవ్వొచ్చు. అమెరికా పౌరుడైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. ఎవరైనా "మా సొంత ఖాతాలో వేసెయ్యండి, మేం పంచుతాం" అంటే, ఎంత తెలిసినవాళ్ళైనా వెయ్యొద్దు.

మొదటి వారంలోనే అంతా పంపెయ్యకండి. అప్పుడు అందరూ ఇస్తారు. కెమెరాలు వెళ్ళిపోయాక, రెండో నెలలో, వలలు కొనుక్కోవాల్సిన రోజుల్లో ఎవరూ ఫోనెత్తరు.

ఈపాటికే బట్టలు సర్దేసి ఉంటే వాటిని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి, ఆ పెట్టెలకి పార్శిల్ ఛార్జీ ఎంతవుతుందో అంత పంపమనండి.